కళ్ళున్నవాళ్ళు వినకూడదు

ఫ్యాను కట్టేస్తే తప్ప రికార్డింగు మొదలుపెట్టడానికి లేదు. కట్టేస్తేనేమో ఆ గదిలో మనిషి ఉడికిపోవాల్సిందే. గోడలకి పాత దుప్పట్లు కొట్టారు, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు, తలుపు కింద గోనెపట్టా పరిచారు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని చేసిన ఏర్పాటు అది. గాలి కూడా రాదన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. ఆ కొలిమిలో కూచుని రోజంతా పుస్తకాలు పైకి చదవడం ఆమె ఉద్యోగం. చూపు లేనివాళ్ళ కోసం పెట్టిన లైబ్రరీ అది. అక్కడికొచ్చే పిల్లలందరూ ఆమెని గొంతక్క అంటారు. మొహంతో వాళ్ళకేం పని, గొంతు చాలు.

చదవడమంటే ఇష్టం వచ్చినట్టు రాగాలు తీయడం కాదు. కొత్తలో ఒకసారి కథలో ఎవరో పోతే గొంతక్క గొంతు వణికించి చదివింది. విన్న పిల్ల ఒకతె మర్నాడు వచ్చి, "అక్కా, ఏడుపు కూడా నువ్వే ఏడ్చేస్తే ఇక మేమేం చేయాలి?" అని మొహాన అడిగేసింది. అప్పట్నుంచీ ఆమె మనిషి మాట్లాడుతున్నట్టు, నింపాదిగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదువుతుంది. ఇంకో నియమం పెద్దసారు పెట్టింది. లైబ్రరీ నడిపేది ఆయనే, ఆయనకీ పుట్టినప్పట్నుంచీ చూపు లేదు. అట్ట మొదలుకొని అట్టదాకా ఒక్క ముక్క వదలకూడదు. బొమ్మ ఉంటే బొమ్మేమిటో చెప్పాలి, వెల చదవాలి, అచ్చువేసినవాడి చిరునామా చదవాలి. "కళ్ళున్నవాడికి కనబడేదంతా మాకు వినబడాలి. ఏది అక్కర్లేదో మేం తేల్చుకుంటాం," అంటాడాయన. మాట తీరు కాస్త కటువు, మనసు మాత్రం వెన్న.

ఆ నియమమే కొంప ముంచింది.

ఆ రోజు పొద్దున పెద్దసారు పిలిపిస్తే గొంతక్క చెమట తుడుచుకుంటూ ఆయన గదిలోకి వెళ్ళింది. అక్కడ ఇద్దరు కూచుని ఉన్నారు. ఒకడు పుస్తకాలు వేసే కంపెనీ లాయరు, మీసకట్టు ఇంకా సరిగ్గా కుదరని వయసు, ఒళ్ళో నల్ల బ్యాగు. రెండో ఆవిడ నలభై దాటిన మనిషి, నలిగిన చీర, కళ్ళ కింద నలుపు. ఆవిడ రచయిత్రి అనీ, ఆవిడ నవలని తను మొన్నీ మధ్యే చదివి రికార్డు చేసిందనీ పెద్దసారు చెప్పేసరికి గొంతక్క ప్రాణం లేచొచ్చింది. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ నవల మీద ఆమెకి ఒక ప్రత్యేకమైన ఇది. ఆ మాట చెబుదామని నోరు తెరిచింది.

లాయరు అంతకంటే ముందే ఫోను తీసి బల్లమీద పెట్టి నొక్కాడు.

గొంతక్క గొంతే. నింపాదిగా, ఒక్క అక్షరం మింగకుండా చదువుతోంది. "ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ ప్రచురణకర్తల అనుమతి లేకుండా ఏ రూపంలోనూ ముద్రించరాదు, రికార్డు చేయరాదు, ఇతరులకు పంచరాదు. అలా చేసినవారు శిక్షార్హులు. తర్వాతి పేజీ ఖాళీ. మొదటి అధ్యాయం."

లాయరుకి నవ్వు ఆగలేదు. "నా సర్వీసులో ఇలాంటి సాక్ష్యం చూళ్ళేదండీ. శిక్షార్హులని తనే చదివి, ఊపిరి తీసుకుని, ఆ శిక్షపడే పని మొదలుపెట్టారు!"

"అన్నీ చదవాలండీ, మా దగ్గర రూలు," అంది గొంతక్క. మొహం కందగడ్డయింది.

"చదవడం తప్పు కాదు మేడమ్. చూపు లేనివాళ్ళ కోసమైతే మమ్మల్ని అడగక్కర్లేదు, చట్టమే మీకు మినహాయింపు ఇచ్చింది. కానీ ఈ ఫైలు నాకెవరు పంపారో తెలుసా? మా ఇంటి కింద కిరాణా కొట్టాయన. ఆయనకి రెండు కళ్ళూ భేషుగ్గా ఉన్నాయి. ఆయనకి వాళ్ళ మరదలు పంపింది, ఆవిడకి ఇంకెవరో. ఊరంతా వింటోంది. మినహాయింపు దాటి బయటికి పోయాక ఇక అది దొంగ సరుకే."

పెద్దసారు వేళ్ళు బల్లంచు తడుముతున్నాయి. "మా సభ్యులకి తప్ప బయటివాళ్ళకి ఇవ్వం."

"ఎవరో ఇచ్చారు. ఇచ్చినవాళ్ళెవరో ఎల్లుండికల్లా చెప్పండి. ఆ మనిషి ఇక్కడ పనిచేయకూడదు. లేదంటారా, కంపెనీ కోర్టుకి వెళ్తుంది, మా పుస్తకం ఒక్కటి కూడా మీరు ముట్టుకోవడానికి ఉండదు. మీ పిల్లల పాఠ్యపుస్తకాలు చాలావరకు మావే, అది గుర్తుపెట్టుకోండి."

అంతసేపూ మాట్లాడని రచయిత్రి అప్పుడు గొంతక్క వైపు చూసింది. "మీరు బాగా చదివారు. నిజం చెప్తున్నా, వింటుంటే నా పుస్తకం నాకే కొత్తగా ఉంది. అదే నా ప్రాణానికొచ్చింది. ఎంత బాగుంటే అంతమంది పంచుకున్నారు. ఇంకో నవల రాసి పట్టుకెళ్తే, 'మీది జనం వింటారు గానీ కొనరమ్మా, మేం వెయ్యలేం' అని తిప్పి పంపారు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పడుకోబెట్టి రాసుకున్నదండీ అది. నేనెవరి మీద కోప్పడాలో మీరే చెప్పండి."

గొంతక్క చూపు తిప్పుకుంది. ఎవరి మీద కోప్పడాలో ఆమెకి తెలుసు గనక.

*

వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు పోయాక గొంతక్క తలుపు మూసి పెద్దసారుకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఫైలు పోయింది తన ఇంటి నుంచే. అత్తగారికి తనే ఇచ్చింది. అత్తగారు కుట్టు ఫ్యాక్టరీలో చెకింగు బల్ల దగ్గర పనిచేస్తుంది. చొక్కా వచ్చాక కుట్టు తప్పిందా, దారం వేలాడుతోందా, కాలరు వంకర పోయిందా అని చూసి పక్కన పడేయాలి. చేతులకీ కళ్ళకీ పని, చెవులు ఖాళీ. అందుకని చెవిలో పెట్టుకుని వింటూ పనిచేసుకుంటుంది. అక్కణ్ణుంచి పక్క బల్ల, పక్క బల్ల నుంచి మెషీన్ల వరస, అలా పాకిపోయింది.

"మీ అత్తగారికి చదువుకోవడం రాదా?"

"రాదు సార్. కానీ ఆ సంగతి మా ఇంట్లో తప్ప పిట్టకి కూడా తెలీదు. ఎక్కడ ఏం చదవమన్నా 'అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా' అంటుంది. ఆవిడకి కళ్ళజోడే లేదు."

ఇంకో రోజైతే పెద్దసారు పగలబడి నవ్వేవాడు. ఆ రోజు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడకి చూపు మందగించిందనుకో," అన్నాడు. "మన సభ్యురాలనుకో. అప్పుడు నువ్వు ఇచ్చింది తప్పు కాదు. తెలీని పెద్దావిడ ఎవరికో పంపింది, మందలించాం, క్షమించమన్నాం. అంతటితో పోతుంది. సర్టిఫికెట్ల గొడవ తర్వాత చూసుకుందాం. ఎల్లుండి ఆవిడని తీసుకురా. నల్లద్దాలు పెట్టి తీసుకురా."

"అబద్ధం కదా సార్."

"అబద్ధమే. నువ్వు పోతే ఆ గదిలో ఎవరు కూచుంటారు? ఆ ఉడుకులో కూచుని ఇలా చదివేవాళ్ళని నాకింకొకళ్ళని చూపించు." చూపించు అన్న మాట ఆయన నోట్లోంచి వస్తే మామూలుగా పిల్లలంతా గొల్లుమంటారు. ఇప్పుడు ఆయనే దాన్ని పట్టించుకోలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు గడప దగ్గర వెలుతురులో కూచుని మనవరాలి గౌను అంచు కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడానికి ఒక్క విసురు చాలావిడకి, నాలిక మీద తడి చేసుకోవడం కూడా ఉండదు. గొంతక్క చెప్పుకొచ్చినంతసేపూ కుట్టు ఆపలేదు. ఆఖర్న ముడి వేసి, దారం పంటితో తెంపి అడిగింది.

"అంటే నన్ను గుడ్డిదాన్నని చెప్పమంటావు."

"ఒక్క పూట అత్తయ్యా. నా ఉద్యోగం పోకుండా."

"చొక్కాల కుప్పలో ఒక్క కుట్టు తప్పితే ఆమడ దూరం నుంచి పట్టేస్తానే నేను! ఆ కళ్ళని చూసే నన్నింకా పనిలో ఉంచారు. నా వయసువాళ్ళందరినీ ఎప్పుడో ఇంటికి పంపేశారు. రేపీ మాట ఫ్యాక్టరీలో పొక్కిందనుకో?"

"పోనీ ఉన్నమాటే చెప్దాం. చదువు రాదు, అందుకే విన్నానని."

అత్తగారి మొహం గంటు పెట్టినట్టయింది. కోడలు ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. గౌను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "వద్దులే. గుడ్డిదాన్ననే చెప్తాను," అంది. కళ్ళు పోవడంలో సిగ్గేముంది, అది దేవుడిచ్చింది. చదువు రాకపోవడం అలా కాదు కదా, కనీసం ఆవిడ లెక్కలో. గొంతక్కకి ఆ లెక్క అర్థమైంది. అయినా వద్దనలేదు. అవసరం తనది.

ఫోన్లో ఉన్న నవల ఆవిడే తీసేయించింది. "మావాళ్ళందరి చేతా తీసేయిస్తా," అంది.

*

చెప్పిన రోజున నల్లద్దాలు పెట్టుకుని అత్తగారు లైబ్రరీకి వచ్చింది. ఒంటరిగా రాలేదు. చేయి పట్టుకుని నడిపించడానికి ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే ఆవిడని తెచ్చుకుంది. గుండీలక్క అంటారు, నోరు పెద్దది, మనిషి మంచిది. నాటకం సంగతి గుండీలక్కకి తెలుసు. కోడలి ఉద్యోగం నిలబెట్టే ఎత్తు అనుకుని సరదా పడుతోంది కూడా. "వదినా, కాస్త తడబడు, మరీ సైనికుడిలా నడవకు," అని చెవిలో గొణుగుతోంది. అత్తగారికి చదువు రాదన్నది మాత్రం ఆవిడకి తెలీదు. ఫ్యాక్టరీలో నోటీసు పెడితే ఇద్దరూ పక్కపక్కన నిలబడి చదివి, తలలూపి, బల్లల దగ్గరికి వెళ్ళిపోతారు. అన్నేళ్ళ స్నేహం వాళ్ళది.

మెట్లెక్కేసరికి వరండాలో కూచున్న పిల్లల్లో ఒకమ్మాయి లేచింది. ఏడవొద్దని గొంతక్కకి ఆ రోజుల్లో చెప్పిన అమ్మాయే, ఇప్పుడు కాలేజీకొచ్చింది. కొత్తగా చూపు పోయిన పెద్దావిడ వస్తోందని పెద్దసారు చెప్పి ఉంచినట్టున్నాడు. గాల్లో చేయి చాపి అత్తగారి చేయి అందుకుంది.

"రండి అమ్మమ్మా. ఇక్కడ గడప ఉంది, ఎత్తు తక్కువ, పాదం జార్చండి చాలు. ఎడమ చేయి గోడకి ఆనించండి. ఆఁ, అంతే." గుండీలక్కని వదిలేసి అత్తగారు ఆ పిల్ల వెంట నడిచింది. "కొత్తలో భయంగా ఉంటుంది. అందరూ జాలి పడుతుంటే ఇంకా చిరాకు. నేను ఆదివారాలు మీ ఇంటికి వచ్చి కర్ర పట్టడం నేర్పిస్తాను. వంట కూడా చేసుకోవచ్చు, చెయ్యి కాలకుండా ఎలాగో చెప్తాను. మీరేం దిగులు పెట్టుకోకండి."

కుర్చీ దాకా తీసుకెళ్ళి, కుర్చీ చెయ్యి ఆవిడ అరచేతికి తగిలించి, కూచున్నాక గానీ వదల్లేదు. గొంతక్క గోడవారగా నిలబడి అత్తగారి గడ్డం వణకడం చూసింది.

లాయరు తన ప్రశ్నలు మొదలుపెట్టాడు. పెద్దసారే జవాబులు చెబుతున్నాడు. రచయిత్రి ముందుకి వంగి, మెత్తగా అడిగింది. "చూపు ఎప్పుడు పోయిందమ్మా మీకు?"

అత్తగారు నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తలుపు దగ్గర ఇంకా నిలబడే ఉన్న ఆ పిల్ల వైపు తిరిగింది. "ఆదివారం రావద్దు తల్లీ," అంది. "నాకు కనబడుతుంది. బాగా కనబడుతుంది. నీ జాకెట్టు భుజం దగ్గర కుట్టు విడిపోయింది, అది కూడా కనబడుతోంది. నాకు చదువు రాదు. అంతే. అక్షరం ముక్క రాదు."

ఆ పిల్ల చేయి తన భుజం తడుముకుంది.

"కోడలిది తప్పు లేదు. రోజూ పొద్దున్నే పోయి ఏం చదువుతున్నావే అని నేనే ప్రాణం తీశాను. ఒకరోజు చెవిలో పెట్టింది. ఇక నా వల్ల కాలేదు. నేను విన్నది ఇంకోళ్ళకి చెప్పకపోతే నిద్ర పట్టేది కాదు."

లాయరు మెడ రుద్దుకున్నాడు. "చదువు రానివాళ్ళకి చట్టంలో మినహాయింపు లేదమ్మా. కళ్ళకే ఉంది."

"ఎందుకు లేదు బాబూ? నాకూ కాగితం నల్లగానే కదా కనబడుతుంది."

అతను కాగితాలు సర్దుకున్నాడు. రచయిత్రే అందుకుంది. "అమ్మా, మీరు చొక్కాలు చూస్తారు కదా. కొనుక్కోలేనివాడు వస్తే ఊరికే ఇచ్చి పంపుతారా?"

"చొక్కా ఇచ్చేస్తే నా దగ్గరుండదు. కథ చెప్తే నా దగ్గరా ఉంటుంది, వాళ్ళ దగ్గరా ఉంటుంది కదమ్మా."

"అందరి దగ్గరా ఉంటుంది," అంది రచయిత్రి. గొంతులో కోపం లేదు, అలుపు ఉంది. "రాసినదాని దగ్గరే ఏమీ ఉండదు. ఇంకోటి రాయడానికి వీలు కూడా ఉండదు. మీరు దొంగలని నేననను. కానీ ఇక్కడ నేనొక్కదాన్నే మంచిదాన్ని కావాలంటే ఎలా? విన్నవాళ్ళంతా మీలా చదువు రానివాళ్ళు కాదు కదా."

పెద్దసారు తల దించుకున్నాడు. తను పన్నిన నాటకం తన పిల్లల ముందే బయటపడినందుకు ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి. లాయరు కాగితం ముందుకి జరిపాడు. ఫైలు బయటికి ఇచ్చిన మనిషిని తీసేస్తున్నామని లైబ్రరీ ఒప్పుకుంటే, కోర్టుకి వెళ్ళబోమని కంపెనీ ఒప్పుకుంటుంది. పెద్దసారు వేలిముద్ర ఎక్కడ వేయాలో గొంతక్కే చూపించింది. అలవాటుగా కాగితం మొత్తం పైకి చదివి వినిపించింది కూడా, తన ఉద్యోగం పోయిన ముక్కతో సహా. ఆ ముక్క దగ్గర గొంతు వణకలేదు. వణకనందుకు ఆమెకే ఒళ్ళు మండింది. రచయిత్రి కూడా సంతకం పెట్టింది.

*

బస్సు కోసం రోడ్డు పక్క బెంచీ మీద ముగ్గురూ కూచున్నారు. అత్తగారు మధ్యలో. గొంతక్కకి ఏడుపు రావట్లేదు. రేపట్నుంచి ఆ గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఇంకెవరో వస్తారు, రాగాలు తీస్తారు, పిల్లలు మొహం చిట్లించుకుంటారు. అత్తగారి మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు, అదింకా బాధగా ఉంది.

గుండీలక్క ఒక్కసారిగా పొడుచుకొచ్చినట్టు అంది. "ఆ మాట నాకు ముందే చెప్పొచ్చు కదా వదినా."

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే? నువ్వేమో గడగడా చదివేస్తావు."

"నేనా? నేనెక్కడ చదివాను?"

"నోటీసు బోర్డు చదివి తలూపుతావుగా!"

"నువ్వు ఊపుతున్నావని నేనూపానే తల్లీ!" గుండీలక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వో ఏడుపో ఆవిడకే తెలీలేదు. "నాకొస్తేగా! నువ్వు చదివి ఊపావు గదా, పర్లేదులే అనుకుని పోయేదాన్ని."

అత్తగారు నోరు వెళ్ళబెట్టి చూసింది. "ఒసే దొంగదానా," అంది చివరికి. "అయితే మొన్న పెట్టిన నోటీసులో ఏముందే?"

"నన్నడిగితే? కాలర్ల వరసలో వాళ్ళనడుగుదామన్నా, వాళ్ళు మనిద్దర్నీ చూసి ఊపుతారు. ఆ నవల ఎందుకంత పాకిందనుకున్నావ్, ఆ వరసలో ఒక్కదానికైనా చదువు వచ్చా? వస్తే పుస్తకమే చదువుకునేవాళ్ళం, చెవుల్లో ఎందుకు దోపుకుంటాం?"

బెంచీ వెనక ఎవరో నిలబడి ఉన్నారని గొంతక్కకి అప్పుడు తెలిసింది. రచయిత్రి. లాయరు తన బండి మీద పోయాడు, ఆవిడకీ బస్సే దిక్కు. ఎంతసేపట్నుంచి నిలబడిందో ఏమో, మొహం పాలిపోయి ఉంది. ముందుకొచ్చి, అత్తగారి ఎదురుగా ఆగింది.

"ఎక్కడిదాకా విన్నారు?"

"ఎక్కడమ్మా, కథలో ఆవిడ లాడ్జి అమ్మేసి, తాళాలు బల్లమీద పెడుతుంది చూడు, అక్కడిదాకా. లాయరు వచ్చిన రోజే భయపడి తీసేశాం. అందరం తీసేశాం. ఆవిడ ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలీదు. గుండీలు కుట్టే బల్ల దగ్గర ఒకటే వాదన."

రచయిత్రి బ్యాగులోంచి నవల తీసింది. లాయరు సాక్ష్యానికని తెమ్మన్నది కాబోలు, మధ్యలో రంగు కాగితాలు అంటించి ఉన్నాయి. చివరి పేజీల దగ్గర తెరిచి గొంతక్కకి అందించింది. "రికార్డు కాదు కదా. చదివి వినిపించండి."

గొంతక్క చేయి దానంతటదే ముందుకొచ్చింది. ఎన్నేళ్ళ అలవాటు! మళ్ళీ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నన్ను తీసేశారండీ," అంది. "మీరు సంతకం పెట్టారు కదా. మీరే చదవండి."

ఆవిడ ఎర్రబడింది. బస్సు ఒకటి వచ్చి ఆగింది. గుండీలక్క పక్కకి జరిగి చోటిచ్చింది. రచయిత్రి బస్సు వైపు ఒకసారి, బెంచీ వైపు ఒకసారి చూసి, కూచుంది. బస్సు పోయింది. పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని మొదలుపెట్టింది. రాయడం వచ్చినంతగా చదవడం రాదావిడకి. ఎవరో తరుముతున్నట్టు చదువుతోంది, మాట మీద మాట పడుతోంది. కథలో ఆవిడ తాళాలు బల్లమీద పెట్టింది, వెనక్కి తిరిగి చూడలేదు, వీధిలోకి నడిచింది, అంతా ఒక్క ఊపిరిలో వెళ్ళిపోయింది. గుండీలక్క నుదురు చిట్లించి ముందుకి వంగింది. అత్తగారు కాసేపు ఓర్చుకుంది, ఇక ఓర్చుకోలేక రచయిత్రి మోచేతి మీద చేయి వేసింది.

"అంత తొందరేమ్మా. తాళాలు పెట్టాక అక్కడ ఆగాలి. మా కోడలైతే ఆగేది."

రచయిత్రి ఆగింది. పేజీ మీంచి తలెత్తి గొంతక్కని చూసింది. గొంతక్క రోడ్డు వైపే చూస్తోంది, గడ్డం కింద చేయి పెట్టుకుని. రచయిత్రి వేలు పెట్టి పై వాక్యం వెతుక్కుని, మళ్ళీ మొదట్నుంచి చదివింది.